పాస్‌పోర్టులన్నీ ఒకే పౌచ్‌లోనా? బార్సిలోనా ప్రయాణంపై అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం విజయవాడలో మా తర్వాతి యూరప్ గ్రూపుకి ప్రయాణం ముందు మీటింగ్ పెట్టాం. పారిస్ గురించి చెప్పాను, స్విట్జర్లాండ్ గురించి చెప్పాను, ఎవరూ పెద్దగా ఏమీ అడగలేదు. స్పెయిన్‌లోని బార్సిలోనా పేరెత్తగానే వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచారు. "అమ్మా, అక్కడ కత్తి చూపించి దోచుకుంటారట కదా. మా బావమరిది వాట్సాప్‌లో వీడియో పంపాడు" అన్నారు.

పన్నెండేళ్లుగా టూర్ మేనేజర్‌గా ఆ ఊరికి గ్రూపుల్ని తీసుకెళ్తున్నాను. ప్రతి మీటింగ్‌లో ఇదే ప్రశ్న. ఆయన భయాన్ని నేను తప్పుపట్టను. రిటైరైన డబ్బుతో భార్యాభర్తలు మొదటిసారి దేశం దాటుతున్నారు, టెన్షన్ ఉండదా మరి. నా కోపమంతా ఆ వీడియోలు పంపేవాళ్ల మీద. ఏ ఊళ్లో తీశారో తెలియదు, ఏ ఏడాదిదో తెలియదు, పైన ఎర్ర అక్షరాలతో "బార్సిలోనా వెళ్లేవాళ్లు జాగ్రత్త" అని రాసి వదిలేస్తారు. అది చూసినవాళ్లు జాగ్రత్తపడతారు నిజమే, కానీ తప్పు చోట జాగ్రత్తపడతారు. అందుకే ముందు దీని సంగతి తేల్చేసి మిగతావాటికి వస్తాను.

అపోహ: దొంగలు రాత్రిపూట, సందుల్లో, కత్తులతో వస్తారు. కాబట్టి పాస్‌పోర్టులు, డబ్బు అన్నీ ఒకే పౌచ్‌లో పెట్టి, ఇంటిపెద్ద చేతిలో ఉంచుకుంటే భద్రం.

వాస్తవం: కత్తి చూపించి దోచుకోవడం అసలే జరగదని అనను. కానీ ఇన్నేళ్లలో నా గ్రూపులవాళ్లు పోగొట్టుకున్నవన్నీ పట్టపగలు, నలుగురిలో, చెయ్యి తగిలినట్టు కూడా తెలియకుండా పోయినవే. అక్కడి దొంగకి మిమ్మల్ని కొట్టాల్సిన అవసరం లేదు. స్పెయిన్ చట్టంలో 400 యూరోల లోపు దొంగతనం చిన్న నేరం కింద వస్తుంది, మామూలుగా జరిమానాతో పోతుంది. అదే దౌర్జన్యం చేస్తే కేసు బరువు మారిపోతుంది. అందుకే జేబుదొంగలు తమ పనిని చేతివాటం దాటనివ్వరు. మీరు చూపు తిప్పే అర నిమిషం కోసం కాచుకుని ఉంటారు.

ఆ అర నిమిషం ఎక్కడ దొరుకుతుందో నాకు బాగా తెలుసు. ఊరి నడిబొడ్డున ఉన్న ప్లాసా కాటలూన్యా కూడలి నుంచి సముద్రం దాకా కిలోమీటరుకు పైగా సాగే లా రాంబ్లా వీధిలో, వీధి కళాకారుల చుట్టూ గుమిగూడినప్పుడు. మెట్రో మూడో నంబరు లైన్లో, తలుపులు మూసుకునే ముందు. ఇది ఎలా జరుగుతుందంటే, మీకు ముందు ఎక్కినవాడు గుమ్మంలోనే ఆగి ఏదో కింద పడినట్టు వంగుతాడు. వెనకున్నవాడు మిమ్మల్ని తోస్తాడు. మీరు ముందువాడి మీద పడకుండా కడ్డీ పట్టుకుంటారు. తలుపులు మూసుకునేలోగా ఇద్దరూ దిగిపోతారు. రైలు కదిలాక గానీ మీ జిప్పు తెరిచి ఉందని తెలియదు. సగ్రాద ఫమీలియా చర్చి ముందు మెడలెత్తి శిఖరాలు చూస్తున్నప్పుడు, సాంట్స్ రైల్వే స్టేషన్లో సూట్‌కేసులు లెక్కపెట్టుకుంటున్నప్పుడు, కాఫీ తాగుతూ ఫోన్ టేబుల్ మీద పెట్టినప్పుడు కూడా ఇంతే. టేబుల్ దగ్గరికి ఒకడు మ్యాప్ పట్టుకొచ్చి దారి అడుగుతాడు. మ్యాప్ ఫోన్ మీద పరుస్తాడు. మ్యాప్ తీసేసరికి ఫోన్ ఉండదు.

ఫోన్ పోతే ఫోన్ ఒక్కటే పోతుంది. మనవాళ్లకు అంతకంటే పెద్ద నష్టం తెచ్చేది ఆ పౌచ్. నలుగురు వెళ్తే నలుగురి పాస్‌పోర్టులూ, యూరోలూ, కార్డులూ, ఇన్సూరెన్స్ కాగితాలూ అన్నీ ఒక్కచోటే. "నా దగ్గరే ఉన్నాయి, మీరేం కంగారు పడకండి" అని ఇంటిపెద్ద అంటారు. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు గుండె జారుతుంది.

2018 అక్టోబరులో ఒక కుటుంబం నాతో వచ్చింది. బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకాయన, ఆయన భార్య, కూతురు, ఎనిమిదో తరగతి చదివే మనవరాలు. నల్లటి తోలు పౌచ్, దానికి చేతికి తగిలించుకునే పట్టీ. బాత్రూమ్‌కి వెళ్లినా వదిలేవారు కాదు. ఒకరోజు రాత్రి బయటికి రమ్మంటే "చీకటిపడ్డాక వద్దమ్మా" అని హోటల్లోనే ఉండిపోయారు కూడా.

మర్నాడు ఉదయం పదకొండింటికి, మంచి ఎండలో, ప్లాసా కాటలూన్యాలో ఉన్నాం. అక్కడ పావురాలు విపరీతం. పిల్ల వాటికి గింజలు వేస్తోంది. ఉన్నట్టుండి ఆయన కోటు భుజం మీద తెల్లగా, పచ్చగా ఏదో పడింది. చెడ్డ వాసన. పక్కనే నడుస్తున్న ఒకావిడ అయ్యో అన్నట్టు మొహం పెట్టి, పైన పావురాల్ని చూపించి, బ్యాగులోంచి టిష్యూలు, నీళ్ల సీసా తీసింది. ఎంత శ్రద్ధగా తుడిచిందో! కోటు విప్పమని సైగ చేసింది. విప్పాలంటే చెయ్యి ఖాళీ కావాలి కదా. పట్టీ తీసి పౌచ్ బెంచీ మీద పెట్టారు. కోటు చేతుల్లోంచి వచ్చేలోగా పౌచ్ లేదు. ఆ రెట్ట పావురానిది కాదు, వెనకనుంచి ఒకడు సీసాతో చిమ్మిన ద్రవం. పౌచ్ తీసుకెళ్లినవాడు మూడో మనిషి. నేను పదడుగుల దూరంలో ఉన్నాను, నాకూ కనిపించలేదు.

అందులో ఉన్న డబ్బు 60 యూరోలు. పోయింది ఆ 60 యూరోలే అయితే సాయంత్రానికి మర్చిపోయేవాళ్లు. నాలుగు పాస్‌పోర్టులు పోయాయి, వాటితోపాటు యూరప్‌లో చాలా దేశాలకి ఒకటే పనికొచ్చే షెంగెన్ వీసాలు పోయాయి. పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు రాయించి, కాగితం చేతికొచ్చేసరికి మూడు గంటలు పట్టింది. మర్నాడు శనివారం గ్రూపు పారిస్ వెళ్లాలి. వాళ్లను నా సహోద్యోగికి అప్పగించి, నేను ఈ నలుగురితో హైస్పీడ్ రైలెక్కి రాజధాని మాడ్రిడ్ వెళ్లాను. రెండున్నర గంటల ప్రయాణంలో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. భార్య మాత్రం "మీ తప్పేముంది, ఎవరికైనా జరుగుతుంది" అని మెల్లగా అంటూనే ఉంది. సోమవారం దాకా ఆగి భారత రాయబార కార్యాలయానికి వెళ్తే ఎమర్జెన్సీ సర్టిఫికెట్లు ఇచ్చారు.

ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఉంది. ఎమర్జెన్సీ సర్టిఫికెట్ పాస్‌పోర్టుకు బదులు కాదు. అది ఇండియాకు తిరిగి రావడానికి మాత్రమే, ఒకవైపు ప్రయాణానికే పనికొస్తుంది. దాంతో పారిస్ వెళ్లలేరు, స్విట్జర్లాండ్ వెళ్లలేరు. మాడ్రిడ్ నుంచే నలుగురికీ కొత్త టికెట్లు కొని ఇంటికి పంపాం. ఇన్సూరెన్స్ కొంత ఇచ్చింది, మిగతాది వాళ్ల జేబులోంచే. మంచు కొండ కోసం ఆ పిల్లకి కొన్న ఎర్ర స్వెట్టర్‌ని ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు సర్దుతుంటే చూశాను. ధర చీటీ ఇంకా దానికే వేలాడుతోంది. నలుగురివి వేర్వేరుగా ఉండి ఒక్కరిదే పోయి ఉంటే కనీసం కూతురూ మనవరాలూ టూర్ పూర్తి చేసేవాళ్లు.

కాబట్టి ఇలా చేయండి. ఎవరి పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండాలి. చిన్నపిల్లలది తల్లి దగ్గర ఒకరిది, తండ్రి దగ్గర ఒకరిది. ఊరు మారే రోజు బట్టల లోపల బెల్టులో, ఊళ్లో తిరిగే రోజు హోటల్ గది లాకర్లో. హోటల్‌ని నమ్మలేమంటారు చాలామంది. నా గ్రూపుల్లో గది లాకర్లోంచి పాస్‌పోర్టు పోవడం ఇంతవరకూ జరగలేదు. పోలీసులు అడిగితే చూపించడానికి ఫొటోకాపీ జేబులో ఉంచుకోండి, అసలుది హోటల్లో ఉందని చెప్పండి. మాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

చీర కట్టుకునేవాళ్లు బెల్టుతో అవస్థ పడతారు. లంగాకి లోపలివైపు జిప్పున్న జేబు కుట్టించుకోండి. మా అమ్మమ్మ చిన్న గుడ్డసంచి రొంటిన దోపుకుని పుష్కరాలకి వెళ్లేది, ఎంత జనంలోనైనా ఒక్క రూపాయి పోగొట్టుకోలేదు. మగవాళ్లకి బనియన్ జేబు ఉండనే ఉంది. లా రాంబ్లాలో పర్సు పోయాక అక్కడి దుకాణంలో మనీ బెల్టు కొనుక్కుంటుంటారు. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టుంటుంది, ఆ పనేదో ఇక్కడే చేయండి.

పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలు మీ ఈమెయిల్‌కీ, ఇక్కడున్న పిల్లలకీ పంపి ఉంచండి. రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు సూట్‌కేసులో వేసుకోండి. రెండు కార్డులుంటే ఒకటి మీ దగ్గర, ఒకటి భార్య దగ్గర. అయినా ఏదైనా పోతే ముందు కార్డు బ్లాక్ చేయించండి, తర్వాత పోలీసు ఫిర్యాదు. ఆ కాగితం లేకుండా ఎంబసీ పనీ కాదు, ఇన్సూరెన్సూ రాదు. అత్యవసర నంబరు 112. మాడ్రిడ్ ఎంబసీకి బయల్దేరేముందు ఫోన్ చేసి ఎక్కడికి, ఏయే కాగితాలతో రావాలో అడగండి. భుజం మీద ఏదైనా పడిందా, పడనివ్వండి. ఆగకండి, ఎవరినీ తుడవనివ్వకండి, నేరుగా ఏదైనా షాపులోకి వెళ్లి తుడుచుకోండి.

ఇక మిగతావి.

అపోహ: సగ్రాద ఫమీలియా టికెట్ గేటు దగ్గర కొనుక్కోవచ్చు.

వాస్తవం: కుదరదు. టికెట్లు ఆన్‌లైన్లోనే, దాని మీద వేసిన టైముకే లోపలికి. రద్దీ నెలల్లో రోజుల ముందే అయిపోతాయి. పార్క్ గ్వెల్ అనే తోటకీ టైము టికెట్టే. సగ్రాద ఫమీలియా 1882లో మొదలైన చర్చి, మరుసటి ఏడాది వాస్తుశిల్పి గౌడీ చేతికి వచ్చింది, 1926లో ఆయన ట్రామ్ ఢీకొని చనిపోయాక కూడా కడుతూనే ఉన్నారు. అంతదూరం వెళ్లి బయటినుంచి ఫొటో దిగి వచ్చేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. సాయంత్రం ఎండ పడమటి అద్దాల్లోంచి పడితే లోపలి స్తంభాలు ఎర్రగా, నారింజరంగుగా వెలుగుతాయి. వీలైతే ఆ టైముకే తీసుకోండి. అది ప్రార్థనలు జరిగే చర్చి, భుజాలు కప్పుకుని వెళ్లండి.

అపోహ: శాకాహారులు పస్తులుండాలి.

వాస్తవం: అక్కర్లేదు, కానీ "వెహెతాల్" అని రాసి ఉన్న శాండ్‌విచ్ చూసి మోసపోకండి. అందులో తరచూ ట్యూనా చేప, గుడ్డు ఉంటాయి. "మాంసం వద్దు" అంటే సరిపోదు, పంది మాంసం, చేప కూడా వద్దని విడిగా చెప్పాలి. టమాటా రుద్దిన రొట్టె, కాల్చిన వంకాయ, క్యాప్సికంతో చేసే ఎస్కలివాదా మనకి బాగా నచ్చుతాయి. ఎస్కలివాదా మీద ఒక్కోసారి చిన్న చేపలు వేస్తారు, అడిగి తీసుకోండి. రవాల్ పేటలో మన ఉపఖండం వాళ్ల హోటళ్లు, కిరాణా కొట్లు బోలెడు. చాలా వంటిళ్లు రాత్రి ఎనిమిది దాటాకే మొదలవుతాయి, ఏడింటికి తినే అలవాటున్నవాళ్లు, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లు, సంచీలో ఏదైనా ఉంచుకోండి.

అపోహ: కుళాయి నీళ్లు తాగకూడదు.

వాస్తవం: తాగొచ్చు. రుచి నచ్చకపోవచ్చు.

అపోహ: పది ప్రయాణాల మెట్రో కార్డు ఒకటి కొంటే ఇంటిల్లిపాదికీ చాలు.

వాస్తవం: ఆ కార్డు పేరు టీ-కాజువల్, అది ఒక్కరికే. ఇంకొకరికి వాడితే జరిమానా. ఎయిర్‌పోర్టు మెట్రో స్టేషన్లకి అది పనిచేయదు, దానికి వేరే టికెట్.

అపోహ: అక్కడివాళ్లకి టూరిస్టులంటే పడదు, నీళ్లు కొట్టి తరుముతున్నారు.

వాస్తవం: 2024 జులైలో ఒక ఊరేగింపులో కొందరు హోటళ్ల బయట కూర్చున్నవాళ్ల మీద బొమ్మ తుపాకులతో నీళ్లు చిమ్మిన మాట నిజం. వాళ్ల బాధ అద్దెల గురించి. ఇళ్లన్నీ టూరిస్టులకి రోజువారీ అద్దెకిచ్చేస్తుంటే ఆ ఊళ్లో పుట్టినవాళ్లకి ఇల్లు దొరకడం లేదు. 2028 నవంబరు నాటికి అలాంటి టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులన్నీ ఆపేస్తామని నగర మేయర్ ప్రకటించారు. పార్క్ గ్వెల్ వైపు వెళ్లే 116 నంబరు చిన్న బస్సు టూరిస్టులతో నిండిపోయి అక్కడి ముసలివాళ్లకి చోటు లేకపోతే, గూగుల్ మ్యాప్స్‌లో ఆ బస్సు కనిపించకుండా చేయించారు. ఆ కొండ ఎక్కే ముసలమ్మల్ని నేను చూశాను, వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. కానీ మనిషికి మనిషి ఎదురైతే మర్యాదకి లోటుండదు. దుకాణంలోకి వెళ్లగానే వాళ్ల కాటలాన్ భాషలో "బోన్ దియా" అనండి, ముఖం మారిపోతుంది.

మీటింగ్‌లో లేచిన పెద్దాయన సాయంత్రం ఫోన్ చేశారు. కత్తుల సంగతి ఎత్తలేదు. "అమ్మా, మా ఆవిడ జేబు కుట్టిస్తానంటోంది, పాస్‌పోర్టు కొలత ఎంత?" అని అడిగారు. సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు పొడవు, తొమ్మిది వెడల్పు అని చెప్పాను. జిప్పు పైవైపు పెట్టించమన్నాను.