మాస్టార్లకే వేసవి బడి: కమ్యూనిజం తర్వాతి యూనివర్సిటీల కథ

సోవియట్ యూనివర్సిటీలో పరీక్ష ఇలా జరిగేది. బల్ల మీద చీటీలు బోర్లించి పెట్టేవారు. వాటిని 'బిలెట్' అంటారు. విద్యార్థి వచ్చి ఒక చీటీ తీయాలి. దాని మీద రెండో మూడో ప్రశ్నలుంటాయి. పక్క బెంచీ మీద కూర్చుని కాసేపు ఆలోచించుకుని, లెక్చరర్ ఎదుటికి వచ్చి నోటితో జవాబు చెప్పాలి. ఆయన విని, విద్యార్థి వెంట తెచ్చుకున్న చిన్న మార్కుల పుస్తకంలో అయిదుకి ఎంతో వేసి సంతకం పెట్టేవాడు. క్లాసులో చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం, చివర్లో దాన్నే అప్పజెప్పడం. సిలబస్ పైనుంచి, మంత్రిత్వ శాఖ ఆమోదముద్రతో వచ్చేది.

1991లో సోవియట్ యూనియన్ కూలాక ఆ చీటీల మీద ఏ ప్రశ్నలు రాయాలో చాలా డిపార్ట్‌మెంట్లలో ఎవరికీ తెలియలేదు. యువ లెక్చరర్లకు వేసవి శిక్షణ అనే ఆలోచనకు అవసరం అక్కడే పుట్టింది.

అంతకుముందు ఏ కోర్సు చదివేవాళ్లకైనా, ఇంజనీరు కాబోయేవాళ్లకూ డాక్టరు కాబోయేవాళ్లకూ కూడా, కొన్ని సబ్జెక్టులు తప్పనిసరి: కమ్యూనిస్టు పార్టీ చరిత్ర, గతితార్కిక భౌతికవాదం, రాజకీయ అర్థశాస్త్రం, శాస్త్రీయ కమ్యూనిజం. మాస్కో ప్రగతి ప్రచురణాలయం వేసిన తెలుగు పుస్తకాలను విశాలాంధ్ర షాపుల్లో కొని చదివిన మన పాతతరానికి ఈ పేర్లు కొత్త కావు. గోర్బచేవ్ కాలంలోనే ఈ పాఠాల మీద నమ్మకం సడలింది. 1988లో స్కూళ్లలో చరిత్ర పరీక్షనే రద్దు చేశారు, పుస్తకాల్లో ఉన్నది నిజం కాదని ప్రభుత్వానికే తెలిసిపోయింది కాబట్టి. తర్వాత బోర్డులు మారాయి. నిన్న శాస్త్రీయ కమ్యూనిజం చెప్పిన డిపార్ట్‌మెంట్ ఇవాళ పొలిటికల్ సైన్స్ డిపార్ట్‌మెంట్ అయింది. మనుషులు వాళ్లే. వాళ్లను తప్పుబట్టడానికి నాకు మనసు రాదు. ఇరవై ఏళ్లు ఒకటి చెప్పినవాణ్ణి రేపటి నుంచి మరొకటి చెప్పమంటే ఎక్కడి నుంచి తెచ్చి చెబుతాడు? తూర్పు జర్మనీలో మాత్రం వేరే దారి పట్టారు. పాత డిపార్ట్‌మెంట్లు కొన్నింటిని మూసేసి, ప్రొఫెసర్లను ఇళ్లకు పంపి, చాలా పోస్టుల్లో పశ్చిమ జర్మనీ వాళ్లను కూర్చోబెట్టారు. మిగతా దేశాలకు అలాంటి సంపన్నుడైన అన్నయ్య లేడు.

అసలు భారం కుర్రవాళ్ల మీద పడింది. పాతికేళ్ల అసిస్టెంట్ లెక్చరర్ చేతికి సోషియాలజీ అనో, పబ్లిక్ పాలసీ అనో ఒక కొత్త పేపరు ఇచ్చి చెప్పమనేవారు. తాను చదువుకోని సబ్జెక్టు. పుస్తకాలేమో అంతకుముందు దాకా లైబ్రరీల్లో ప్రత్యేక అనుమతి ఉంటేనే దొరికే తాళం గదుల్లో ఉండేవి, అదీ పెద్ద నగరాల్లోనే.

ఈ ఖాళీని పూరించిన పద్ధతికి మాత్రం వేర్లు 1991 కంటే చాలా లోతున ఉన్నాయి. పోలండ్‌లో రష్యన్ జార్ల పాలన కాలంలోనే 'ఎగిరే యూనివర్సిటీ' నడిచింది. పోలీసులకు దొరక్కుండా ఇవాళ ఒక ఇంట్లో, రేపు మరో ఇంట్లో పాఠాలు. మేరీ క్యూరీ పడుచు వయసులో అక్కడ చదువుకుంది. 1970ల చివర్లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఉండగా అదే పేరుతో వార్సాలో మళ్లీ మొదలుపెట్టారు. చెకోస్లోవేకియా రాజధాని ప్రాగ్‌లో ఉద్యోగాలు పోగొట్టుకున్న తత్వశాస్త్ర పండితులు ఇళ్లలోనే సెమినార్లు పెట్టేవారు. వాళ్లకు పాఠం చెప్పడానికి ఆక్స్‌ఫర్డ్ నుంచి ఆచార్యులు వచ్చేవారు. 1980లో బేలియల్ కాలేజీ అధిపతి ఆంథొనీ కెన్నీని సెమినార్ మధ్యలోనే పోలీసులు పట్టుకుని దేశం దాటించారు. ఆ ఏడాదే ఈ ఇంటి సెమినార్లకు సాయపడటానికి బ్రిటన్‌లో యాన్ హుస్ ఎడ్యుకేషనల్ ఫౌండేషన్ ఏర్పడింది. 1981 చివర్లో ఫ్రెంచ్ తత్వవేత్త జాక్ డెరిడా తిరుగు ప్రయాణంలో ఉండగా, ప్రాగ్ విమానాశ్రయంలో ఆయన పెట్టెలో మాదకద్రవ్యం 'దొరికింది' అని జైల్లో పెట్టారు. ఫ్రాన్స్ ప్రభుత్వం కలగజేసుకున్నాక వదిలారు.

యుగోస్లావియాలో పరిస్థితి కాస్త నయం. డుబ్రోవ్నిక్‌లో 1972లో ఇంటర్ యూనివర్సిటీ సెంటర్ పెట్టారు. తూర్పు, పశ్చిమ దేశాల ఆచార్యులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకోగలిగిన అరుదైన చోటు అది. 1991 డిసెంబర్ 6న యుగోస్లావ్ సైన్యం జరిపిన ఫిరంగి దాడిలో ఆ భవనమూ లైబ్రరీ కాలిపోయాయి. మళ్లీ కట్టుకున్నారు.

డబ్బు సంగతికి వస్తే జార్జ్ సోరోస్ పేరు రాక తప్పదు. బుడాపెస్ట్‌లో పుట్టి అమెరికాలో ఫైనాన్స్ వ్యాపారంలో సంపాదించిన ఈయన 1984లో హంగరీలో ఒక ఫౌండేషన్ పెట్టారు. అది చేసిన మొదటి పెద్ద పనుల్లో ఒకటి లైబ్రరీలకూ సంస్థలకూ ఫోటోకాపీ మెషిన్లు ఇవ్వడం. ఇవాళ వింటే చిన్న విషయంలా ఉంటుంది. కాపీ తీసే మెషిన్ మీద ప్రభుత్వం కన్నేసి ఉంచిన దేశంలో ఒక వ్యాసాన్ని ఎవరినీ అడక్కుండా ఇరవై కాపీలు తీసి పంచగలగడం ఎంత పెద్ద మార్పో ఆలోచించండి. తర్వాత వచ్చిన వేసవి కోర్సులన్నీ ఆ జిరాక్స్ కట్టల మీదే నడిచాయి.

1991లో సోరోస్ డబ్బుతోనే సెంట్రల్ యూరోపియన్ యూనివర్సిటీ మొదలైంది. అదే ఏడాది అమెరికాలో పుట్టిన సివిక్ ఎడ్యుకేషన్ ప్రాజెక్ట్, పశ్చిమ దేశాల్లో చదివిన యువ లెక్చరర్లను తూర్పు యూరప్ యూనివర్సిటీలకు పంపింది. 1996 నుంచి బుడాపెస్ట్‌లో సెంట్రల్ యూరోపియన్ యూనివర్సిటీ వేసవి బడి నడుపుతోంది. సోరోస్ సంస్థల ఉన్నత విద్యా విభాగం బాల్కన్ల నుంచి మంగోలియా దాకా యువ అధ్యాపకులకు వేసవి స్కూళ్లు పెట్టింది. 2000 దాటాక వాటిని 'రీసెట్' అనే పేరుతో మూడేళ్ల ప్రాజెక్టులుగా మార్చారు. రెండు మూడు వారాల కోర్సుతో మనిషి మారడని వాళ్లకే అర్థమైంది. అందుకే అదే బృందాన్ని ఏటా వేసవిలో కలిపి, మధ్యలో దూరం నుంచి పని చేయించడం మొదలుపెట్టారు.

వేసవే ఎందుకంటే, ఏడాదిలో వందల గంటల పాఠాలు, జీతం చాలక రెండో చోట పార్ట్‌టైమ్, ఇంటి దగ్గర ట్యూషన్లు. సెలవుల్లో తప్ప వాళ్లకు ఊపిరి సలపదు. 1993లో రష్యాలో సోరోస్ డబ్బుతో శాస్త్రవేత్తలకు తలా 500 డాలర్లు ఇస్తే, అది చాలామందికి ఏడాది జీతం కంటే ఎక్కువ. జీతాలు నెలల తరబడి అందని రోజులవి.

ఈ కోర్సుల్లో అసలు సాధన సిలబస్ రాయడం. తన కోర్సుకు తానే, వారం వారం ఏం చదవాలో, ఏం చర్చించాలో, ఎలా మార్కులు వేయాలో రాసి బల్ల మీద పెట్టాలి. తోటివాళ్లు దాన్ని చీల్చి చెండాడతారు. ఈ వారానికి ఈ వ్యాసమే ఎందుకు? దీనికి ఎదురు వాదన ఎక్కడ? విద్యార్థి ఒప్పుకోకపోతే ఏం చేస్తావు? ఈ చివరి ప్రశ్న దగ్గర, చీటీ తీయించి పరీక్ష పెట్టడం తప్ప తెలియని లెక్చరర్ ఆగిపోవడం సహజం. ఆ చదువులో విద్యార్థి ఒప్పుకోకపోవడం అనే గడి లేదు.

లోపాలు లేకపోలేదు. మొదటి ఏళ్లలో పశ్చిమం నుంచి వచ్చినవాళ్లు చెప్పడం, తూర్పు వాళ్లు వినడమే జరిగింది. అంటే పాత క్లాసురూమే, మాట్లాడే మనిషి మారాడు. ఇంగ్లిష్ పెద్ద గేటు. రాజధానిలో ఇంగ్లిష్ నేర్చుకున్నవాళ్లకు అన్ని కోర్సులూ దొరికేవి. మధ్య ఆసియాలో ఒష్‌లాంటి, నమంగాన్‌లాంటి ఊళ్లలో రష్యన్ తప్ప రాని మంచి మాస్టారు బయటే ఉండిపోయేవాడు. రష్యన్‌లో నడిచే స్కూళ్లు వచ్చాక ఆ బాధ కొంత తగ్గింది. ఇంకో చిక్కు: శిక్షణ మనిషికి, అధికారం డీన్‌కి. సెప్టెంబర్‌లో కొత్త సిలబస్‌తో ఉత్సాహంగా వెళ్తే, అక్కడ ఆమోదం పొందిన పాత ప్రోగ్రామే చెప్పమంటారు. విసిగిపోయినవాళ్లలో కొందరు ఎన్జీవోలకు, బ్యాంకులకు, విదేశాలకు వెళ్లిపోయారు. వెనక్కి వచ్చి పాఠం చెబుతున్నవాళ్లను నిలబెట్టడానికి జీతం మీద అదనంగా కొంత ఇచ్చే ఫెలోషిప్‌లు పెట్టారు. నన్నడిగితే ఆ డబ్బు ఇంకా ముందే, ఇంకా ఎక్కువ మందికి అందాల్సింది.

ఈలోగా రష్యా 2003లో, ఉక్రెయిన్, జార్జియా, ఆర్మేనియా 2005లో యూరప్ దేశాల డిగ్రీలను ఒకే తీరుకు తెచ్చే బొలోన్యా ఒప్పందంలో చేరాయి. క్రెడిట్లు, సిలబస్‌లు అందరికీ తప్పనిసరయ్యాయి. వేసవి బడుల్లో పోట్లాడుకుని రాసుకున్న కాగితం చాలాచోట్ల ఆఫీసు ఫైల్లో పెట్టే ఫారంగా మారిపోవడం నాకు బాధ కలిగించే విషయం.

ఆ తర్వాత ప్రభుత్వాల వంతు వచ్చింది. బెలారస్ రాజధాని మిన్స్క్‌లోని యూరోపియన్ హ్యుమానిటీస్ యూనివర్సిటీని లుకషెంకో ప్రభుత్వం 2004లో మూయించింది. అది మరుసటి ఏడాది లిథువేనియా రాజధాని విల్నియస్‌లో మళ్లీ తెరుచుకుంది. రష్యా 2015లో సోరోస్ సంస్థలను 'అవాంఛనీయ' జాబితాలో పెట్టింది. హంగరీ పార్లమెంటు 2017 ఏప్రిల్‌లో చట్టం మార్చి సెంట్రల్ యూరోపియన్ యూనివర్సిటీ మెడ మీద కత్తి పెట్టింది. బుడాపెస్ట్ వీధుల్లో వేలాది మంది ఊరేగినా ఫలితం లేకపోయింది. 2019లో దాని అమెరికా గుర్తింపు ఉన్న డిగ్రీ కోర్సులు వియన్నాకు తరలాయి. 2020 అక్టోబర్‌లో యూరోపియన్ కోర్టు ఆ చట్టం చెల్లదని తేల్చేసరికి యూనివర్సిటీ సామాను సర్దుకుని వెళ్లిపోయింది.

2022లో రష్యా దాడి మొదలయ్యాక అదే యూనివర్సిటీ ఉక్రెయిన్ విద్యార్థుల కోసం ఆన్‌లైన్ కోర్సులు తెరిచింది. ఇల్లు వదిలి పోయినవాళ్లూ, ఊళ్లోనే ఉండిపోయినవాళ్లూ ఒకే క్లాసులో కలుస్తారు. దానికి పెట్టిన పేరు 'అదృశ్య విశ్వవిద్యాలయం'.