లేక్ అన్నా హాట్ సైడ్: ఆ వేడి నీళ్లు ఎవరి లెక్కలోకి వస్తాయి?

వర్జీనియాలో లేక్ అన్నా ఒడ్డున సెలవులకు ఇల్లు అద్దెకు వెతికేవాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న: హాట్ సైడా, కోల్డ్ సైడా? హాట్ సైడైతే చలి పూర్తిగా పోకముందే ఈతకు దిగొచ్చని ఒకరంటారు. అణు విద్యుత్ కేంద్రం వదిలిన నీళ్లలో పిల్లల్ని ఎలా దింపుతారని ఇంకొకరు టెన్షన్ పడతారు. అసలు ఈ రెండు వైపులు ఎలా వచ్చాయో తెలిస్తే, దేనికి భయపడాలో దేనికి అక్కర్లేదో కొంత తేలుతుంది.

ఇది సహజంగా ఏర్పడిన సరస్సు కాదు. నార్త్ అన్నా నది మీద విద్యుత్ కంపెనీ (ఇప్పటి డొమినియన్ ఎనర్జీ) తన రియాక్టర్ల చల్లదనం కోసం కట్టించుకున్న జలాశయం. నిండటానికి మూడేళ్లు పడుతుందనుకున్నారు. 1972 జూన్‌లో అగ్నెస్ తుఫాను వానలు ముంచెత్తడంతో ఏడాదిన్నరలోనే నిండిపోయింది. మొత్తం సుమారు 13,000 ఎకరాలు. అందులో 3,400 ఎకరాలను మూడు కట్టలు వేసి వేరు చేశారు. అదే హాట్ సైడ్. మిగిలిన 9,600 ఎకరాలు అందరికీ తెరిచి ఉన్న కోల్డ్ సైడ్. 1983లో స్టేట్ పార్క్ తెరిచింది ఈ వైపే. హాట్ సైడ్‌లో పబ్లిక్ బోట్ ర్యాంప్ లేదు. ఒడ్డున ఇళ్లున్నవాళ్లు, వాళ్ల దగ్గర అద్దెకు దిగినవాళ్లే అక్కడ నీళ్లలోకి వెళ్తారు.

మొదటి రియాక్టర్ 1978లో, రెండోది 1980లో వ్యాపారపరంగా ఉత్పత్తి మొదలుపెట్టాయి. ఇలాంటి కేంద్రంలో పుట్టే వేడిలో దాదాపు మూడో వంతే కరెంటు అవుతుంది. మిగతా రెండు వంతులూ ఎక్కడో ఒకచోట వదిలించుకోవాల్సిందే. కోల్డ్ సైడ్ నుంచి తోడిన నీళ్లు కండెన్సర్ (టర్బైన్ దాటిన ఆవిరిని మళ్లీ నీళ్లుగా మార్చే యంత్రం) గొట్టాల గుండా వెళ్లి, ఫారెన్‌హీట్‌లో పది డిగ్రీలకు పైగా వేడెక్కి కాలువలోకి వస్తాయి. అక్కడి నుంచి మూడు మడుగులు దాటుతూ వేడిని గాలికి వదిలేసి, మూడో కట్ట దగ్గర మళ్లీ పెద్ద జలాశయంలో కలుస్తాయి. కాలువ దగ్గరి మడుగుకూ మూడో మడుగుకూ వేడిలో చాలా తేడా ఉంటుంది. 'హాట్ సైడ్ ఇల్లు' అనగానే సరిపోదు, ఏ మడుగు మీద అన్నది కూడా అడగాలి.

రేడియేషన్ సంగతి ఇక్కడే చెప్పుకుందాం. రియాక్టర్‌ను తాకే నీళ్లు, టర్బైన్‌కు ఆవిరినిచ్చే నీళ్లు, జలాశయం నీళ్లు మూడూ వేర్వేరు గొట్టాల్లో తిరుగుతాయి. నియంత్రిత పరిమితుల్లో కొద్దిగా ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) కాలువలోకి వదలడం ఉంది, దాన్ని కొలుస్తారు. నీళ్ల వేడికి మాత్రం రేడియేషన్‌తో సంబంధం లేదు.

అసలు చిక్కు చట్టం దగ్గర మొదలైంది. జలాశయం నిండుతున్న 1972లోనే, అక్టోబరులో, అమెరికా కాంగ్రెస్ క్లీన్ వాటర్ చట్టాన్ని ఆమోదించింది. అది వేడిని కూడా కాలుష్యాల జాబితాలో చేర్చింది. అయితే వ్యర్థాలను శుద్ధి చేసే వ్యవస్థలకు ఆ నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. రాష్ట్రం దృష్టిలో హాట్ సైడ్ అలాంటి వ్యవస్థే, అంటే వ్యర్థపు వేడిని తగ్గించే చోటు. అందువల్ల పర్మిట్ లెక్క కండెన్సర్ నుంచి నీళ్లు బయటపడే చోట కాకుండా మూడో కట్ట దగ్గర మొదలవుతుంది. ఈలోపు ఆ మడుగుల చుట్టూ ఇళ్లు లేచాయి, డాక్‌లు వచ్చాయి, పిల్లలు ఈదుతున్నారు. కాగితం మీద ఫ్యాక్టరీలో భాగం, కళ్లెదుట విహార స్థలం.

దీని మీద బ్లూ రిడ్జ్ ఎన్విరాన్‌మెంటల్ డిఫెన్స్ లీగ్ అనే పర్యావరణ సంస్థ కోర్టుకెక్కింది. 2009లో రిచ్‌మండ్ సర్క్యూట్ కోర్టు హాట్ సైడ్‌నూ నియంత్రించాలంది. మరుసటి ఏడాది అప్పీల్ కోర్టు ఆ తీర్పును తిరగదోసింది. చట్టం మాట కాసేపు పక్కన పెడితే, జనం ఈదుతున్న నీటిని ఈత నీరుగా చూడకపోవడం నాకు వింతగానే ఉంటుంది.

ఆ వాదనల్లో తరచూ వినిపించిన అంకె 104 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 40 సెల్సియస్. అది హాట్ టబ్‌లకు అమెరికాలో పాటించే గరిష్ఠ పరిమితి. నీళ్లు ఒంటికన్నా వేడిగా ఉంటే శరీరం తన వేడిని వదిలించుకోలేదు. చెమట పట్టినా నీటిలో ఆరదు. గర్భిణులకు, చిన్నపిల్లలకు, గుండెజబ్బు ఉన్నవాళ్లకు, మద్యం తాగి దిగేవాళ్లకు ప్రమాదం ఎక్కువ. హాట్ టబ్‌లో పది నిమిషాలుండి లేస్తాం. మడుగులో మధ్యాహ్నమంతా గడుపుతాం. కాబట్టి 104 లోపు ఉంటే చాలనుకోవడం సరికాదు. జూలై, ఆగస్టుల్లో కాలువకు దగ్గరగా 100 దాటడం ఉంది.

ఇక అమీబా. నేగ్లేరియా ఫౌలరీ అనే ఈ జీవిని 1965లో ఆస్ట్రేలియా వైద్యులు మనుషుల్లో గుర్తించారు. ఇది వేడిని ఇష్టపడుతుంది, 46 సెల్సియస్ దాకా పెరుగుతుంది. ముక్కులోంచి మెదడుకు చేరితే బతికేవాళ్లు చాలా అరుదు. ఆ నీళ్లు మింగితే మాత్రం జబ్బు రాదు. లేక్ అన్నాలో పరిశోధకులు వెతికితే ఇది కనిపించింది కూడా. అలాగని బెంబేలెత్తక్కర్లేదు. అమెరికా మొత్తం మీద 1962 నుంచి 2023 వరకు నమోదైన కేసులు 164. ముక్కుకు క్లిప్ పెట్టుకోవడం, వేసవిలో తల ముంచకపోవడం, అడుగు బురద కెలకకపోవడం చాలావరకు కాపాడతాయి.

మరో సంగతి చాలామందికి తెలియదు. 2018 నుంచి ఈతకు దిగొద్దని ఆరోగ్యశాఖ ఇచ్చిన నాచు హెచ్చరికలు ఎక్కువగా కోల్డ్ సైడ్ ఎగువ పాయలకే. అక్కడ నదుల వెంట కొట్టుకొచ్చే నత్రజని, భాస్వరం నాచుకు ఎరువవుతాయి.

కాలాన్ని బట్టి వచ్చే ప్రమాదాలూ మారతాయి. వసంతంలో ఎండ చూసి కోల్డ్ సైడ్‌లో దూకితే చలికి ఒక్కసారిగా ఊపిరి ఎగపోస్తుంది. అప్పుడు ఊపిరితో లోపలికి పోయిన నీళ్లే మునకకు కారణమవుతాయి. హాట్ సైడ్ వెచ్చదనం కూడా ఏడాది పొడవునా గ్యారంటీ కాదు. ఇంధనం మార్చడానికి రియాక్టర్‌ను ఆపితే నీళ్లు చల్లబడతాయి. 2011 ఆగస్టు 23న మినరల్ అనే ఊరి దగ్గర 5.8 తీవ్రతతో భూకంపం వచ్చి రెండు రియాక్టర్లూ ఆగిపోయాయి. నవంబరు దాకా మళ్లీ మొదలవలేదు. ఆ శరదృతువులో హాట్ సైడ్ పేరుకు మాత్రమే హాట్.

మొదట నాలుగు రియాక్టర్లు అనుకున్నారు, రెండు రద్దయ్యాయి. 2003లో మూడోదానికి మళ్లీ దరఖాస్తు పెట్టినప్పుడు జలాశయంతోనే చల్లబరుస్తామన్నారు. నీళ్లు ఇంకా వేడెక్కుతాయన్న అభ్యంతరాలు రావడంతో కూలింగ్ టవర్లకు మారారు. దానికి 2017లో లైసెన్సు వచ్చినా ఇంతవరకు కట్టలేదు. ఇప్పుడున్న రెండింటికీ 2024 ఆగస్టులో మరో ఇరవై ఏళ్లు పొడిగించారు. ఒకటి 2058 వరకు, మరొకటి 2060 వరకు నడవొచ్చు. అప్పటిదాకా ఈ మడుగుల్లోకి వేడి నీళ్లు వస్తూనే ఉంటాయి.