అపోహలు - వాస్తవాలు: వీఎం "రన్నింగ్" అని ఉంటే బతికున్నట్టేనా?

"అన్నా, వీఎం రన్నింగ్ అనే ఉంది, పింగ్ మాత్రం రావట్లేదు." అర్ధరాత్రి నాకొచ్చే ఫోన్లలో సగం ఇవే. వీఎం అంటే వర్చువల్ మెషీన్: అసలు కంప్యూటర్ (హోస్ట్) మీద నడిచే ఉత్తుత్తి కంప్యూటర్ (గెస్ట్).

అపోహ: గెస్ట్ క్రాష్ అయితే హోస్ట్‌కి దానంతట అదే తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. కేవీఎంలో (లినక్స్ మీద వీఎంలు నడిపే ఏర్పాటు) వీఎం అంటే హోస్ట్‌కి ఒక క్యూఈఎంయూ ప్రాసెస్, అంటే నడుస్తున్న ఒక ప్రోగ్రామ్, అంతే. "రన్నింగ్" అంటే ఆ ప్రాసెస్ నడుస్తోందని. లోపల లినక్స్ కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) పానిక్ అయితే, అంటే కోలుకోలేని తప్పు వచ్చి చేతులెత్తేస్తే, రీబూట్ టైమౌట్ పెట్టి ఉండకపోతే, అక్కడే లూప్‌లో తిరుగుతూ ఉంటుంది. బయటికి ఒక వీసీపీయూ (వీఎంకి ఇచ్చిన వర్చువల్ ప్రాసెసర్) 100% కనిపిస్తుంది. అది చూసి "లోడ్ ఎక్కువైంది, తగ్గుతుందిలే" అని గంటలకొద్దీ కూర్చున్నవాళ్లు నాకు తెలుసు.

"వీఎం సెట్టింగ్‌ల ఎక్స్‌ఎంఎల్‌లో ఆన్-క్రాష్‌కి (క్రాష్ అయితే ఏం చేయాలో చెప్పేది) రీస్టార్ట్ అని పెట్టాం కదా" అంటారు. పెట్టారు సరే, పానిక్ సంగతి హోస్ట్‌కి చేరవేసే పానిక్ డివైస్ ఏది? ఇక్కడ చెవిటివాడి ముందు శంఖం కూడా కాదు, శంఖం ఊదేవాడే లేడు. పీవీపానిక్ అనే ఆ డివైస్ తగిలించి, గెస్ట్‌లో దాని డ్రైవర్ లోడ్ అయి ఉంటేనే, కెర్నల్ చచ్చేముందు ఒక్క బైట్ రాసి హోస్ట్‌కి చెబుతుంది. అప్పుడే లిబ్‌వర్ట్ (వీఎంలను నిర్వహించే సాఫ్ట్‌వేర్) మీ ఆన్-క్రాష్ మాట వింటుంది. విండోస్ గెస్ట్‌కైతే పానిక్ డివైస్‌కి హైపర్‌వీ మోడల్ ఇవ్వొచ్చు.

ఇంత చెప్పే నేనూ బోల్తా పడ్డాను. పాత ఆఫీసులో ఒక డేటాబేస్ వీఎంకి పానిక్ డివైస్ పెట్టి నిశ్చింతగా ఉన్నాను. క్రాష్ అయింది. హోస్ట్‌లో చడీచప్పుడూ లేదు. చూస్తే లోపల కేడంప్ (క్రాష్ అయినప్పుడు మెమరీని ఫైల్‌లో దాచేది) ఆన్‌లో ఉంది. మామూలుగా కెర్నల్ ముందు కేడంప్‌లోకి దూకేస్తుంది, హోస్ట్‌కి చెప్పే నోటిఫయర్ల దాకా రాదు. ఆ కేడంప్ కూడా రిజర్వ్ చేసిన మెమరీ చాలక మధ్యలో ఆగిపోయింది. ఈలోగా ఎవరో కంగారులో రీసెట్ కొట్టారు, ఉన్న సాక్ష్యం కూడా పోయింది. నోటిఫయర్లు ముందు నడిచేలా చేసే "క్రాష్ కెఎక్సెక్ పోస్ట్ నోటిఫయర్స్" అనే బూట్ ఆప్షన్ ఒకటుందని ఆ రాత్రే తెలిసింది.

అపోహ: ఈ పానిక్ డివైస్‌తో మా డేటా హోస్టింగ్ వాళ్ల చేతికి వెళ్తుంది.

టెన్షన్ పడకండి. పీవీపానిక్ పంపేది ఆ ఒక్క బైటే. మైక్రోసాఫ్ట్ హైపర్-వీ హోస్ట్‌కైతే మామూలుగా వెళ్లేవి ఐదు ఎర్రర్ నంబర్లు, హోస్ట్ లాగ్‌లో ఈవెంట్ 18590లో కనిపించేవి అవే. కోర్ డంప్ (క్రాష్ సమయంలో తీసే మెమరీ కాపీ) సంగతి వేరు. అందులో గెస్ట్ మెమరీ మొత్తం, పాస్‌వర్డులతో సహా ఉండొచ్చు. దాన్ని షేర్డ్ ఫోల్డర్‌లో పడేయకండి.

అపోహ: గెస్ట్ హ్యాంగ్ అయినా పానిక్ డివైసే పట్టుకుంటుంది.

పట్టుకోదు. దానికి వాచ్‌డాగ్ (గెస్ట్ నుంచి పలుకు రాకపోతే చర్య తీసుకునే టైమర్) వేరే ఉంది. ఊప్స్ (కెర్నల్ తరచూ తట్టుకోగలిగే తప్పు) కూడా, పానిక్-ఆన్-ఊప్స్ ఆన్ చేస్తే తప్ప, మామూలుగా పానిక్ కాదు.

మీ సెటప్ మీద అనుమానం ఉంటే ఒక టెస్ట్ వీఎంని సిస్‌ఆర్‌క్యూ "సి"తో (కెర్నల్‌ని కావాలని క్రాష్ చేసే కమాండ్) మీరే పడగొట్టండి. ఆన్-క్రాష్‌కి ప్రిజర్వ్ (పడిపోయిన వీఎంని అలాగే ఉంచు అని) పెట్టి ఉంటే స్టేటస్ క్రాష్డ్ అని మారాలి. ఇంకా రన్నింగ్ అనే ఉంటే ముందు గెస్ట్‌లో డ్రైవర్ చూడండి, తర్వాత కేడంప్.