చెల్లి పడిందా, పాడిందా?

ప్రియమైన పిల్లలూ,

మీలో కొందరికి చదవడం వచ్చేసి ఉంటుంది. కొందరు ఇంకా గుణింతాల దగ్గరే ఉండి ఉంటారు. ఈ ఉత్తరం మీరే చదువుకుంటే నాకు సంతోషం. చదవడం ఇంకా రానివాళ్ళకు అన్నో అక్కో చదివి వినిపిస్తే అదీ సంతోషమే. నేను చాలా ఏళ్ళు చిన్న తరగతుల పిల్లలకు పాఠాలు చెప్పాను. మొదటి రోజు ఏడుస్తూ మూల కూర్చున్న పిల్లలు, కొన్నేళ్ళు తిరిగేసరికి సొంత మాటల్లో పేజీ నిండా రాసి తెచ్చి చూపించడం ఎన్నోసార్లు చూశాను. ఆ దారిలో కాలు ఎక్కడ జారుతుందో, పట్టు ఎక్కడ దొరుకుతుందో నాకు బాగా తెలుసు. అది మీకు చెబుదామనే ఈ ఉత్తరం.

ముందు ఒక పని చేయండి. ఒక కాగితం మీద ఈ రెండు వాక్యాలు పెద్ద అక్షరాలతో రాయండి. రాయడం రాకపోతే ఎవరిచేతైనా రాయించుకోండి.

చెల్లి పడింది.
చెల్లి పాడింది.

ఈ రెండింటికీ తేడా ఎంత? ఒక్క దీర్ఘం. మొదటి వాక్యం చదివితే మీరు పరిగెత్తుకెళ్ళి చెల్లిని లేపాలి. రెండోది చదివితే చప్పట్లు కొట్టాలి. అంత చిన్న గుర్తు మీద ఎంత పెద్ద సంగతి ఆధారపడి ఉందో చూశారా! ఇలాంటివి మన భాషలో బోలెడు. ‘బడి’లో సున్న పెడితే ‘బండి’ అవుతుంది. ‘కల’కి లావత్తు తగిలిస్తే ‘కల్ల’ అవుతుంది. కల అంటే నిద్రలో వచ్చేది, కల్ల అంటే అబద్ధం. దీర్ఘాలు, సున్నలు, వత్తులు అలంకారం కోసం పెట్టినవి కావు. అవి చూడకుండా చదివితే, రాసినవాళ్ళు ఒకటి చెబితే మనం ఇంకొకటి వింటాం.

నా తరగతిలో ఒక బాబు ఉండేవాడు. పుస్తకం చేతికిస్తే గడగడా చదివేవాడు. ఒకరోజు అతని పేజీలో ఒక బొమ్మ ఉంది. గోడ, గోడ మీద పిల్లి. బాబు చూసి, ‘పిల్లి గోడ దూకింది’ అని హాయిగా చదివాడు. అక్కడ ఉన్నదేమో ‘పిల్లి గోడ ఎక్కింది’. నేను ఏమీ అనలేదు. నా అరచేతితో బొమ్మ మూసి, మళ్ళీ చదవమన్నాను. ఈసారి వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం పట్టుకున్నాడు. ‘పి... ల్లి... గో... డ...’ అని వచ్చి మూడో మాట దగ్గర ఆగిపోయాడు. ‘ఎ’ అన్నాడు. తర్వాత ‘కి’ అన్నాడు. దాని కింద ఉన్న కావత్తు చూసి, నోట్లో రెండుసార్లు అనుకుని, ‘ఎక్కింది!’ అని నా మొహంలోకి చూశాడు. అప్పటిదాకా అతను బొమ్మ చదువుతున్నాడు. మొదటిసారి మాట చదివింది ఆ నిమిషంలోనే. గడగడా చదివిన అన్ని రోజుల కంటే, ఆగి ఆగి చదివిన ఆ ఒక్క వాక్యం నాకు ఇప్పటికీ బాగా గుర్తు.

కాబట్టి మెల్లగా చదువుతున్నానని ఎవరూ సిగ్గుపడకండి. మాట్లాడటం చుట్టూ ఉన్నవాళ్ళ మాటలు వింటూ వింటూ వచ్చేస్తుంది. చదవడం అలా రాదు, ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి. కన్ను గుర్తును చూడాలి, నోరు దాన్ని శబ్దంగా మార్చాలి, మనసు ఆ శబ్దాలన్నీ కలిపి ‘ఓహో, ఫలానా మాట’ అనుకోవాలి. మూడు పనులు ఒకేసారి! మొదట్లో టెన్షన్‌గానే ఉంటుంది. అదే పేజీ రెండోసారి, మూడోసారి చదవండి. మొదటిసారి అక్షరాలు కనిపిస్తాయి, రెండోసారి మాటలు కనిపిస్తాయి, మూడోసారికి కథ కనిపిస్తుంది. చదివిందే మళ్ళీ చదవడం టైమ్ వేస్టు అని ఎవరైనా అంటే నమ్మకండి.

మన తెలుగులో ఒక పెద్ద సుఖం ఉంది. అక్షరం పేరు ఏదో, దాని శబ్దం కూడా దాదాపు అదే. ‘క’ అని పిలుస్తాం, ‘క’ అనే చదువుతాం. ఇంగ్లీషులో ఒక అక్షరాన్ని ఒక పేరుతో పిలిచి, మాటలోకి వచ్చేసరికి వేరేగా పలకాలి. ఆ చిక్కు ఇక్కడ చాలా తక్కువ. లేదని మాత్రం అనను. ‘చదువు’లో చ, ‘చిలక’లో చి నోట్లో అనుకుని చూడండి. నాలుక రెండుసార్లూ ఒకే చోట తగలదు. ఇలాంటివి వింటూ ఉంటే అవే పట్టుబడతాయి.

చూపుకి చిక్కుపెట్టే అక్షరాలు కొన్ని ఉన్నాయి. ‘మ’, ‘య’ దగ్గర చాలామంది తడబడతారు. ‘ప’, ‘ష’, ‘స’ దగ్గర కూడా అంతే. ‘వ’కి కొమ్ము ఇచ్చినప్పుడు గమనించారా? ‘కు’లో కొమ్ము పక్కనే ఉంటుంది. ‘వు’లో మాత్రం కింది నుంచి మొదలై పక్కకి వస్తుంది. ‘పు’లో కూడా అంతే. మామూలుగా పక్కన తగిలిస్తే ‘వు’ కాస్తా ‘మ’లా కనిపించేది! ఏ రెండు అక్షరాలు మిమ్మల్ని కంగారు పెడతాయో వాటిని పక్కపక్కన పెద్దగా రాసుకుని, తేడా ఉన్నచోట రంగు పెన్సిల్‌తో దిద్దండి. నాలుగైదు రోజుల్లో ఆ గొడవ వదిలిపోతుంది.

ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న పెద్దవాళ్ళకు ఇక్కడ ఒక్క మాట. పిల్లలు ఒక మాట దగ్గర ఆగగానే మీరు అందించేయకండి. మనసులో అయిదు దాకా లెక్కపెట్టండి. ఆ కాసేపట్లో వాళ్ళ బుర్రలో చాలా పని జరుగుతూ ఉంటుంది, మనం మాట అందిస్తే ఆ పని మధ్యలోనే ఆగిపోతుంది. అయిదు అయ్యాక కూడా రాకపోతే మొదటి అక్షరం అందించండి, అంతే.

ఇక వ్యాకరణం. ఈ పేరు వినగానే మొహం చిట్లించకండి. వ్యాకరణం మీకు ఇప్పటికే వచ్చు. ‘అన్న వచ్చాడు’ అంటారు, ‘అక్క వచ్చింది’ అంటారు, ‘కుక్క వచ్చింది’ అంటారు. ‘అక్కలు వచ్చారు’ అంటారు, ‘కుక్కలు వచ్చాయి’ అంటారు. ‘అక్కలు వచ్చాయి’ అని మీలో ఎవరూ అనరు. ఒక్కరే అయినప్పుడు అక్కకీ కుక్కకీ ఒకే ‘వచ్చింది’ సరిపోతుంది, ఎక్కువమంది అయితే మాత్రం మాట వేరైపోతుంది. ఇదంతా మీకు ఎవరు నేర్పారు? ఎవరూ బోర్డు మీద రాసి చెప్పలేదు. విని విని మీరే పట్టేశారు. బడిలో చెప్పే వ్యాకరణం, మీకు తెలిసిన దానికి పేర్లు పెట్టి చూపిస్తుంది. పేరు తెలిస్తే తప్పు ఎక్కడుందో వెతుక్కోవడం సులువు.

ఇప్పుడు చిన్న ఆట. ‘పులి మేకను తరిమింది.’ ఇందులో మాటల వరస మార్చి ‘మేకను పులి తరిమింది’ అనండి. ఏమైనా మారిందా? లేదు, ఇంకా పులే తరుముతోంది. ఇప్పుడు ఆ ‘ను’ని మేక దగ్గర్నుంచి తీసి, ‘ని’గా పులికి పెట్టండి. ‘పులిని మేక తరిమింది.’ అయిపోయింది, కథే తిరగబడింది! ఒక్క అక్షరం ఎవరి వెనకాల నిలబడిందన్న దాన్ని బట్టి ఎవరు పరిగెడుతున్నారో తేలిపోతోంది. వీటిని విభక్తి ప్రత్యయాలు అంటారు. పేరు కాస్త బరువుగానే ఉంటుంది, పనిని మాత్రం రోజూ మీ నోటితోనే చేస్తున్నారు.

ఇంకో సంగతి. మన వాక్యంలో క్రియ, అంటే పనిని చెప్పే మాట, చాలావరకు చివర్లో వస్తుంది. ‘నేను నీకు నా బంతి’ దాకా చదివి ఆగితే ఏమీ తెలియదు. చివరి మాట ‘ఇస్తాను’ కావచ్చు, ‘ఇవ్వను’ కూడా కావచ్చు. అవునో కాదో వాక్యం చివర దాక్కుని ఉంటుంది. తొందరపడి చదివేవాళ్ళు ఎక్కువగా పొరబడేది అక్కడే. చుక్క కనిపించేదాకా ఆగకండి.

నేను మీ వయసులో ఉన్నప్పుడు జరిగింది చెబుతాను. నా స్నేహితురాలికి చీటీ రాశాను, ‘రేపు సాయంత్రం మేము ఆడుకుంటాం’ అని. రాసి ఆమె పుస్తకంలో పెట్టాను. మర్నాడు ఎంతసేపు చూసినా రాలేదు. కోపం వచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత తనే వచ్చి అడిగింది, ‘మీరంతా ఆడుకుంటారని రాశావు, నన్ను ఎందుకు కలుపుకోలేదు?’ అని. నేను రాయాల్సింది ‘మనం’. రాసింది ‘మేము’. మనం అంటే నువ్వూ నేనూ కలిసి. మేము అంటే నువ్వు కాకుండా మిగతావాళ్ళం. ఆ సాయంత్రమంతా తను ఇంట్లో ఒక్కతే కూర్చుందట. వ్యాకరణం అంటే మార్కుల కోసం కాదని నాకు తెలిసింది ఆ రోజే.

అక్షరాలు వచ్చాయి, వాక్యం వచ్చింది. ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటికి వచ్చాను. మీకు ఏమనిపిస్తోందో రాయడం, అంటే అభిప్రాయం రాయడం.

అభిప్రాయం అంటే ఏమిటి? ‘ఈ గదిలో రెండు కిటికీలు ఉన్నాయి’ అన్నది అభిప్రాయం కాదు. ఎవరైనా లెక్కపెట్టి చూసుకోవచ్చు. ‘కిటికీ పక్క సీటే మంచిది’ అన్నది అభిప్రాయం. ఒకరు అవునంటారు, ఇంకొకరు కాదంటారు. అందుకే అభిప్రాయం చెప్పినవాళ్ళు కారణం కూడా చెప్పాలి.

మా తరగతిలో ఒక అమ్మాయి సరిగ్గా దీని గురించే రాసి తెచ్చింది. ‘నాకు కిటికీ పక్క సీటు ఇష్టం. అది చాలా బాగుంటుంది. అక్కడ కూర్చుంటే చాలా చాలా బాగుంటుంది.’ నేను చదివి, ‘చాలా అని ఎన్నిసార్లు రాసినా నాకు ఆ కిటికీ కనిపించడం లేదమ్మా. అక్కడ కూర్చుంటే నీకు ఏం జరుగుతుందో చెప్పు’ అన్నాను. కాసేపు పెన్సిల్ కొరుకుతూ ఆలోచించింది. తర్వాత, ‘గోడ పక్కన కూర్చుంటే నా చేతి నీడ నా పుస్తకం మీదే పడుతుంది టీచర్. నేను రాసింది నాకే కనపడదు. కిటికీ దగ్గర అలా ఉండదు’ అంది. ‘అదే రాయి’ అన్నాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది, ఎందుకంటే కారణం అంటే ఎక్కడో పుస్తకంలో ఉంటుందనుకుంది. అది తన చేతి కిందే ఉంది.

అంతటితో వదల్లేదు నేను. ‘మరి ఇప్పుడు అక్కడ కూర్చుంటున్న అబ్బాయి ఏమంటాడు?’ అని అడిగాను. ఆ ప్రశ్న నచ్చలేదు తనకి. ముడుచుకుని వెళ్ళిపోయింది. మర్నాడు కాగితం మడత విప్పి నా ముందు పెట్టింది. అందులో ఇలా ఉంది: ‘ముందు వచ్చినవాళ్ళకే ఆ సీటు ఇవ్వాలని అతను అంటున్నాడు. కానీ నేను వచ్చే బస్సు రోజూ లేటుగా వస్తుంది. అది నా తప్పు కాదు. కాబట్టి అందరం వారానికొకసారి సీట్లు మారాలి.’ అవతలివాళ్ళ మాట విన్నది, దానికి జవాబు ఇచ్చింది, తను కోరేది సూటిగా చెప్పింది. ఆ పై వారం నుంచి మా తరగతిలో సీట్లు మార్చాను. ఆ కాగితం నా మనసు మార్చింది కనుకే మార్చాను.

మీరు రాసేటప్పుడు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ‘ఎందుకంటే’ తర్వాత వచ్చిన మాటలు, ముందు చెప్పిందే మళ్ళీ చెబుతున్నాయా చూడండి. ‘ఆ ఆట నాకు ఇష్టం ఎందుకంటే అది నాకు నచ్చుతుంది’ అంటే గుండ్రంగా తిరిగి అక్కడికే వచ్చినట్టు. ‘ఎందుకంటే అందులో ఎవరూ అవుట్ అయి పక్కన కూర్చోవాల్సిన పని లేదు’ అంటే, ఆ ఆట తెలియనివాళ్ళకు కూడా అర్థమవుతుంది.

అభిప్రాయం కోసం జీవితమంతా నిలబడిన ఒక పెద్దాయన గురించి మీకు చెప్పాలి. ఆయన పేరు గిడుగు వెంకట రామమూర్తి. 1863 ఆగస్టు 29న పుట్టారు. ఆ రోజుల్లో పుస్తకాల్లో రాసే తెలుగు వేరు, ఇళ్ళల్లో మాట్లాడే తెలుగు వేరు. బడి పిల్లలు తాము ఎన్నడూ మాట్లాడని భాషలో పరీక్షలు రాయాల్సి వచ్చేది. జనం మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలి, రాయాలి అన్నది ఆయన అభిప్రాయం. గొప్ప గొప్ప పండితులు కాదన్నారు. ఆయన పాత పుస్తకాల్లోంచి ఉదాహరణలు తీసి చూపించారు, సభల్లో మాట్లాడారు, 1919లో ‘తెలుగు’ అనే పత్రిక నడిపారు. సవరలు అనే గిరిజనుల పిల్లల కోసం వాళ్ళ సవర భాష తానే నేర్చుకుని, అందులో పాఠ్యపుస్తకాలు రాశారు. ఆయన పుట్టినరోజునే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఈ ఉత్తరం మీకు ఇంత తేలిగ్గా అర్థమవుతోందంటే, అందులో ఆయన వాదనకి కూడా భాగం ఉంది.

ఇప్పుడు మీ వంతు. మీ బడిలో గానీ ఇంట్లో గానీ ఏదైనా ఒకటి మారాలని మీకు అనిపిస్తూ ఉంటుంది కదా. అది ఏమిటో ఒక వాక్యం రాయండి. ఎందుకో రెండు వాక్యాలు రాయండి. కాదనేవాళ్ళు ఏమంటారో ఇంకో వాక్యం. రాశాక గట్టిగా చదివి వినండి, నాలుక తట్టుకున్నచోట ఏదో సరిచేయాలని అర్థం. ఆ కాగితం నాకు పంపండి. తప్పులున్నా పంపండి, నేను ఎర్ర పెన్ను పట్టను, పెన్సిల్‌తో గుర్తు పెట్టి తిరిగి పంపిస్తాను. చివర్లో ‘మేము’ అని రాస్తారో ‘మనం’ అని రాస్తారో మాత్రం జాగ్రత్తగా చూస్తాను, నన్ను కూడా కలుపుకున్నారో లేదో తెలియాలి కదా.

ప్రేమతో,
మీ టీచరు అమ్మమ్మ