చెదిరిన వెంట్రుకలు, ముఖం మీది మచ్చలు: పోర్ట్రెయిట్ ఫొటోల విషయంలో అపోహలు - వాస్తవాలు

ఇంటి దగ్గరో, బీచ్‌లోనో సరదాగా తీయించుకున్న ఫొటోలు పంపగానే నాకు వచ్చే మొదటి కబురు చాలావరకు ఒకటే ఉంటుంది: “ఆ వెంట్రుకలు తీసేయండి, మొహం మీద మచ్చలు కూడా కాస్త చూడండి.” విశాఖపట్నంలో కుటుంబాల ఫొటోలు తీయడమే నా వృత్తి కనుక ఆ కోరికను నేను తప్పుపట్టను. అయితే ఏది తీయాలి, ఏది ఉంచాలి, ఏది షటర్ నొక్కకముందే సర్దుకోవాలి అన్న విషయంలో కొన్ని అపోహలు గట్టిగా పాతుకుపోయాయి.

అపోహ: చెదిరిన జుట్టు సంగతి తరువాత ఫొటోషాప్‌లో చూసుకోవచ్చు.

వాస్తవం: అది వెంట్రుక ఎక్కడ పడిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆకాశం మీదో, మసకబారిన నేపథ్యం మీదో ఒంటరిగా లేచిన వెంట్రుక, చుట్టుపక్కల రంగుతో కలిపి అక్కరలేనిదాన్ని కప్పేసే హీలింగ్ బ్రష్‌తో ఒక్క గీతకు పోతుంది. 2002లో ఆ బ్రష్ రాకముందు, పక్క భాగాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి అతికించే క్లోన్ స్టాంపే గతి. అదే వెంట్రుక కనురెప్పల మీదుగానో పెదవి అంచు మీదుగానో సాగితే, దాని కింద ఉన్న రెప్పలను, చర్మాన్ని మళ్లీ కూర్చవలసి వస్తుంది. పైగా వెంట్రుకను చెరిపి దాని నీడను మరిచిపోతే చెంప మీద ఒక గీత దిక్కులేకుండా మిగిలిపోతుంది.

కాబట్టి ముందే జాగ్రత్తపడటం మేలు. రామకృష్ణా బీచ్‌లో పగటిపూట గాలి సాధారణంగా సముద్రం నుంచి ఊరి వైపు వీస్తుంది. వెనుక అలలు కనిపించాలని మనిషిని నీటికి వీపు పెట్టి నిలబెడితే, ఆ గాలి జుట్టునంతా ముఖం మీదికి తోస్తుంది. ఉదయం పూట సూర్యుడూ అటువైపే ఉంటాడు కనుక, వెనుక నుంచి వెలుగు తగిలి లేచిన ప్రతి వెంట్రుకా తీగలా మెరుస్తుంది. మనిషిని ఒడ్డు వెంబడి పక్కకు తిప్పి, ముఖాన్ని కొద్దిగా గాలికి ఎదురు పెట్టిస్తే జుట్టు దానంతటదే వెనక్కి పోతుంది, అలలూ ఫ్రేములో ఉంటాయి. తేమకు లేచిన పొట్టి వెంట్రుకలను, అరచేతులకు ఒక్క చుక్క కొబ్బరినూనె రాసుకొని పైపైన నిమిరితే చాలు. నూనె ఎక్కువైతే ఫ్లాష్ వెలుగుకు పాపిట పక్కన తెల్లటి మెరుపు పడుతుంది, దాన్ని సరిచేయడం వెంట్రుకలు తీయడం కంటే పెద్ద పని.

అపోహ: తల చుట్టూ ఒక్క వెంట్రుకా లేకుండా అంచు నున్నగా ఉంటేనే ఫొటో నీటుగా ఉన్నట్టు.

వాస్తవం: జుట్టు అంచు సహజంగా పలచబడుతూ నేపథ్యంలో కలిసిపోతుంది. ఆ పలచదనాన్ని పూర్తిగా చెరిపేస్తే తలకు హెల్మెట్ తొడిగినట్టు ఉంటుంది. ఫోనులోని పోర్ట్రెయిట్ మోడ్ చాలాసార్లు మనం అడగకుండానే ఈ నష్టం చేస్తుంది. నేపథ్యాన్ని మసకబరిచేటప్పుడు సన్నని వెంట్రుకలను కూడా నేపథ్యం కిందే లెక్కగట్టేస్తుంది. కంటికి అడ్డం వచ్చేవి, ముఖాన్ని దాటి పోయేవి, నడినెత్తి మీద నిటారుగా లేచినవి మాత్రం తీస్తాను. నుదుటి మీది ముంగురులను, చెవి పక్క నూగును ముట్టుకోను.

అపోహ: మచ్చలన్నీ లోపాలే, ఆటోమేటిక్ టూల్ ఒక్క నొక్కుతో అన్నిటినీ తీసేస్తుంది.

వాస్తవం: తీసేస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది. దానికి నల్లటి చుక్క ఏదైనా ఒకటే. పసిబిడ్డ బుగ్గ మీద అమ్మమ్మ పెట్టిన దిష్టిచుక్క, సన్నని ముక్కుపుడక, చిన్న బొట్టుబిళ్ల, నాయనమ్మ గడ్డం మీది పచ్చబొట్టు ఇవన్నీ దాని లెక్కలో మచ్చలే కావచ్చు. దిష్టిచుక్క పోయిన ఫొటోను ఆ ఇంటి పెద్దావిడకు చూపించి ఒప్పించడం ఎవరి తరమూ కాదు. నా పద్ధతి ఏమిటంటే, రెండు వారాల్లో మానిపోయే మొటిమనో, దోమకాటునో, షేవింగ్ గాటునో తీస్తాను. పదో తరగతి సర్టిఫికెట్‌లో గుర్తింపు చిహ్నంగా రాయించుకున్న పుట్టుమచ్చను మాత్రం మనిషి స్వయంగా అడిగితే తప్ప ముట్టుకోను. పాస్‌పోర్టు ఫొటో అయితే అడిగినా ముట్టుకోను, సవరించిన ఫొటోలు అక్కడ చెల్లవు.

అపోహ: చర్మాన్ని నున్నగా చేయడం ఈ కాలపు పిచ్చి.

వాస్తవం: బ్లాక్ అండ్ వైట్ రోజుల్లోనే స్టూడియోలలో నెగటివ్ మీద సన్నని పెన్సిల్‌తో టచింగ్ చేసేవారు. ముడత నెగటివ్‌లో పారదర్శకంగా ఉంటుంది కనుక, అక్కడ పెన్సిల్ గీత పడితే ప్రింటులో అది తేలికపడుతుంది. అయితే ఆ పని ఒక్కొక్క గీతకూ విడివిడిగా చేతితో జరిగేది. నేటి ఫిల్టర్ ముఖం మొత్తాన్నీ ఒకేసారి రుద్దేసి స్వేదరంధ్రాలను కూడా మాయం చేస్తుంది. అసలు చాలా ముఖాలకు అది అవసరమే ఉండదు. మిట్టమధ్యాహ్నపు ఎండ ప్రతి గుంటనూ ఎత్తి చూపిస్తుంది; అదే మనిషిని వసారా నీడలో, వెలుతురు వైపు ముఖం పెట్టి కూర్చోబెడితే సగం సమస్య అక్కడే తీరుతుంది. ఇంకొక సంగతి: 24 మెగాపిక్సెళ్ల ఫొటోను 4×6 అంగుళాల సైజులో, అంగుళానికి 300 చుక్కల లెక్కన ప్రింటు వేస్తే, ఫైలులోని సుమారు 11 పిక్సెళ్లు కలిసి ఒక్క చుక్క అవుతాయి. తెర మీద 100 శాతానికి పెంచి చూసి బెంగపడిన మచ్చల్లో చాలా వాటిని ఆల్బమ్‌లో వెతికినా కనిపెట్టలేరు.

అపోహ: ముఖం నల్లగా వచ్చింది కాబట్టి రంగు తెల్లగా మార్చాలి.

వాస్తవం: తెల్లపంచె, వెనుక సున్నం వేసిన గోడ ఫ్రేములో ఎక్కువ భాగం ఉంటే, వెలుగును కొలిచే కెమెరా మీటరు వాటిని బూడిద రంగు వైపు లాగుతూ మొత్తం వెలుగును తగ్గించేస్తుంది. అది ఎక్స్‌పోజర్ లోపమే కాని ఆ మనిషి చాయ కాదు. కెమెరాలో వెలుగును పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను +1 దాకా పెంచినా, ఫోనులో ముఖం మీద వేలు ఆనించి వెలుగు గుర్తును పైకి జరిపినా అసలు రంగు తిరిగి వస్తుంది.

అపోహ: ముక్కు పెద్దదిగా వచ్చింది, ఎడిటింగ్‌లో చిన్నది చేయాలి.

వాస్తవం: ఫోనును ముఖానికి చేతిదూరంలో పెట్టి తీస్తే ఎవరి ముక్కైనా పెద్దదిగానే వస్తుంది. రెండు మీటర్లు వెనక్కి జరిగి, జూమ్ చేసి, మళ్లీ తీయండి.