కారే కారు, పూడిన మడవ

అమలాపురం వైపు నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: "పాత పెట్రోలు కారు. ఇంజను పైన ఉండే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ ఏడాదిలో మూడుసార్లు మార్పించాను. రెణ్ణెల్లు బాగుంటుంది, మళ్లీ ఆయిలు కారుతుంది. ప్యాకింగులే నకిలీవా?"

కావచ్చు. కానీ అంతకంటే ముందు మడవ చూడాలి.

వరిచేను గట్టుకి ఎండ్రకాయ బొరియ పడిందనుకోండి. నీళ్లు బయటికొచ్చే మూతి దగ్గర మట్టిముద్ద కొడితే జానెడు అవతల నుంచి ఊరుతుంది. అందుకే రైతు ముందు మడవ తీసి చేలో మట్టం దించుతాడు, తర్వాత బొరియ లోపలి మూతి వెతుకుతాడు. మీ మెకానిక్కు మూడుసార్లూ బయటి మూతికే మట్టి కొట్టాడు.

ఇంజనుకీ ఒక మడవ ఉంది. పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా, మండిన వాయువులో కొంత వాటి పక్కనుంచి కిందికి, క్రాంక్ తిరిగే గదిలోకి జారుతుంది. రింగులు అరిగేకొద్దీ ఇంకా ఎక్కువ జారుతుంది. అది బయటపడే దారే పీసీవీ (పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్) వాల్వు, దాని రబ్బరు గొట్టం. చాలా కార్లలో ట్యాపెట్ కవర్ మీదినుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి, అంటే ఇంజనుకి గాలి అందించే గొట్టంలోకి పోతుంది. యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను ఐడిల్‌లో ఉన్నప్పుడు మానిఫోల్డ్‌లో పీడనం బయటి గాలిలో సుమారు మూడో వంతు. ఆ వాక్యూమే ఈ వాయువును లాగేస్తుంది. దారి తెరిచి ఉన్నంతకాలం ఇంజను లోపల పీడనం బయటికంటే రవ్వంత తక్కువ ఉంటుంది. అప్పుడు ప్యాకింగ్ కాస్త ఎండినా సందులోంచి గాలి లోపలికి పోతుంది, ఆయిలు బయటికి రాదు. నల్లజిడ్డు పేరుకుని దారి పూడిందా, మట్టం లేచినట్టే. లోపలి వాయువు ప్రతి సందునూ తడుముతుంది. ట్యాపెట్ కవర్ గట్టిగా ఉంటే క్రాంక్ ఆయిల్ సీలు, అదీ గట్టిదైతే ఆయిలు మట్టం చూసే డిప్‌స్టిక్ గొట్టం. ఎక్కడ బలహీనమైతే అక్కడ ఊట.

పరీక్షకి పైసా ఖర్చు లేదు. ఇంజను వేడెక్కాక ఐడిల్‌లో ఆయిలు పోసే మూత తీసి, ఆ మూతిని పల్చటి ప్లాస్టిక్ కవరుతో కప్పి అంచులు పట్టుకోండి. ఫ్యానుకీ బెల్టుకీ దూరంగా ఉంచండి. కవరు లోపలికి గుంట పడితే మడవ పారుతోంది. బుడగలా పొంగితే పూడింది. ఇంజను ఆపి, వాల్వు పీకి చెవి దగ్గర ఆడించండి, టకటకమనాలి. మూగగా ఉంటే కార్బురేటర్ క్లీనర్‌తో కడగండి, అప్పటికీ కదలకపోతే మార్చేయండి. గొట్టం నొక్కితే మెత్తగా నలిగిపోతోందా? అదీ మార్చాలి, వాక్యూమ్‌కి లోపల అతుక్కుపోతుంది. అన్నీ శుభ్రం చేశాక కూడా కవరు పొంగుతూనే ఉంటే రింగులు అరిగినట్టు. కంప్రెషన్ (సిలిండర్లలో పీడనం) చూపించుకోండి, ప్యాకింగుల మీద డబ్బు తగలెయ్యకండి.

తర్వాత బొరియ వెతకడం. నీరు పల్లమెరుగు. ఆయిలు పల్లంతోపాటు గాలినీ ఎరుగు, ఫ్యాను గాలికి వెనక్కి పాకుతుంది. ఇంజను కింద ఆయిలు నిలిచే సంపు అడుగు తడిగా ఉందని సంపు ప్యాకింగ్ పోయినట్టు కాదు. చల్లారిన ఇంజనును కిరోసిన్‌తో బ్రష్షు పెట్టి కడిగి, పూర్తిగా ఆరాక అనుమానమున్న చోట్ల టాల్కం పౌడరు చల్లండి. పావుగంట నడిపి, ఆపి, టార్చి వేయండి. తడిసిన పౌడర్లో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్న మచ్చే దొంగ.

ప్యాకింగ్ వేసేటప్పుడు చెడగొట్టేది బిగింపే. రేకు కవరైతే బోల్టు కన్నాల చుట్టూ రేకు లోపలికి సొట్టపోయి ఉంటుంది. చెక్క మీద పెట్టి సుత్తితో చదును చేయకపోతే ఎంత మంచి ప్యాకింగైనా రెండు బోల్టుల మధ్య వదులే. 6 మి.మీ. బోల్టుకి 8–10 న్యూటన్ మీటర్లు చాలు, అంటే చిన్న స్పానరు, రెండు వేళ్ల బలం. మధ్యలోంచి చివరలకి, రెండు దఫాలుగా బిగించాలి. గాస్కెట్ గమ్ము మూలల్లో మాత్రమే, 3 మి.మీ. దారంలా. చుట్టూ మెత్తితే లోపలికి పిండుకొచ్చినది ఊడి, సంపులో ఆయిలు వడగట్టే స్ట్రెయినరుకి అడ్డం పడి ఆయిలు పంపును ఎండగడుతుంది. కారే ఇంజను బతుకుతుంది, ఆయిలందని ఇంజను బతకదు.

ఇంజనుని చల్లబరిచే నీళ్ల వైపు లెక్క తిరగబడుతుంది. ఇక్కడ పీడనం కావాలి. రేడియేటర్ మూత మీద 0.9 అని ఉంటే 0.9 బార్, అంటే 9 మీటర్ల లోతు నీటి ఒత్తిడి. ముప్పై అడుగుల వరద గట్టుని తోస్తున్నట్టే. సముద్రమట్టానికి కాస్త ఎత్తున ఉన్న మన డెల్టాలో 100 డిగ్రీలకి మరిగే నీళ్లు ఆ ఒత్తిడిలో 119 దాకా మరగవు. మూత స్ప్రింగు బలహీనపడితే నీళ్లు ముందే మరిగి పొర్లిపోతాయి, లీకు కోసం ఇంజనంతా వెతుకుతారు. కాబట్టి మొదట మూత మార్చండి, చల్లారాకే తీయండి. వేడిమీద తీస్తే ఒత్తిడి పోయిన క్షణమే నీళ్లు ఆవిరై మొహాన కొడతాయి.

తీరం వైపు బోరునీళ్ల ఉప్పు అల్యూమినియాన్ని తొలిచేస్తుంది. కాలవ నీళ్ల ఒండ్రు సన్నగొట్టాల్లో దిగబడుతుంది. డిస్టిల్డ్ వాటరు సగం, కూలెంటు సగం పోయండి. చిన్న కారుకి పట్టేది నాలుగైదు లీటర్లే, పిసినారితనం అనవసరం. రేడియేటర్‌లో పసుపు వేసే ఆచారం ఒకటుంది. సూదికన్నం మూసుకునే మాట నిజమే, కానీ ఆ పసుపే మంచి గొట్టాల్నీ పూడుస్తుంది. "మన ఎండలకి అక్కర్లేదు" అని థర్మోస్టాట్ పీకేయడం ఇంకో మూఢనమ్మకం. సుమారు 82 డిగ్రీలకి తెరుచుకునే ఆ వాల్వు లేకపోతే ఇంజను వేడెక్కడం ఆలస్యమై, ఆయిల్లో చేరిన చెమ్మ ఆవిరి కాక జిడ్డవుతుంది. ఆ జిడ్డు ఎక్కడ పేరుకుంటుందో చెప్పుకున్నాం.

ఆయిలు మూత కింద తెల్లటి నురగ చూసి, నీళ్లు ఆయిల్లో కలవకుండా ఆపే హెడ్ ప్యాకింగ్ పోయిందని హడలిపోకండి. వానాకాలంలో పాలకేంద్రం దాకా వెళ్లొచ్చే బండికి అది మామూలు చెమ్మ. డిప్‌స్టిక్ మీద కూడా పాలటీ రంగు ఉంటే మాత్రం బండి కదపకండి.

ఇక వాటర్ పంపు కింద చిన్న కన్నం. దాంట్లోంచి చుక్కలు పడుతుంటే ఎం-సీల్ పెట్టి మూసేవాళ్లున్నారు. అది కంపెనీవాళ్లు కావాలని పెట్టిన కన్నం. లోపలి సీలు పోతే నీళ్లు బేరింగులోకి వెళ్లకుండా బయటికి దారి. మూస్తే నీళ్లు బేరింగులోకే పోయి గ్రీజు కడిగేస్తాయి, పంపు గీపెట్టి ఒకనాడు బిగుసుకుంటుంది. ఆ చుక్క కనపడిన వారంలోనే పంపు మార్చండి, పాత ప్యాకింగ్ తిరిగి వాడకండి.