ఫిలడెల్ఫియా మేసానిక్ టెంపుల్: అపోహలు - వాస్తవాలు

పాత కట్టడాల మరమ్మతులు చూసుకోవడం నా పని. చుట్టాలు ఎవరు ఫిలడెల్ఫియా వచ్చినా సిటీ హాల్ చూపించి, పక్కనే ఉన్న ఈ మేసానిక్ టెంపుల్‌లోకీ తీసుకెళ్తాను. ఇది మేసన్లు (ఫ్రీమేసన్లు) అనే సోదర సంఘం వాళ్లు కలుసుకునే లాడ్జి భవనం. అపోహలు గుమ్మం దగ్గరే మొదలవుతాయి.

అపోహ: లాడ్జి అంటే గదులు అద్దెకిచ్చేది కదా!
వాస్తవం: మన బస్టాండు పక్కన ఉండే లాడ్జి వేరు. యూరప్‌లో పెద్ద చర్చిలు కట్టేటప్పుడు రాతిపనివాళ్లు రాళ్లు చెక్కుకోవడానికి, కాస్త నడుం వాల్చడానికి అక్కడే ఒక పాక వేసుకునేవారు. లాడ్జి అంటే ఆ పాక. అదే పేరు తర్వాత మేసన్ల సంఘానికి వచ్చింది.

అపోహ: బయటివాళ్లని రానివ్వరు.
వాస్తవం: టికెట్ కొనుక్కుని ఎవరైనా చూడొచ్చు. ఆడవాళ్లు, పిల్లలు కూడా.

అపోహ: మేసన్లది వేరే మతం.
వాస్తవం: కాదు. ఇక్కడి సంఘంలో దేవుణ్ణి నమ్మితే చాలు, ఏ మతమని అడగరు. నరేంద్రనాథ్ దత్తా, అంటే మన వివేకానందుడు, 1884లో కలకత్తాలో ఒక లాడ్జిలో చేరాడు. హైదరాబాద్ గోషామహల్ బారాదరి కూడా మేసన్ల లాడ్జే. అలాగని అందరినీ సమానంగా చూశారని మాత్రం నేను చెప్పను. ఇదే ఊళ్లో 1797లో నల్లజాతివాళ్లు విడిగా లాడ్జి పెట్టుకోవాల్సి వచ్చింది. దాని తొలి పెద్ద అబ్సలోమ్ జోన్స్, బానిసగా పుట్టినవాడు. ఈ సంగతి చెప్పకుండా నేను ఎవరికీ ఈ భవనం చూపించను.

అపోహ: లోపలున్న ఏడు హాళ్లలో ఒకటైన ఈజిప్షియన్ హాల్లో గోడల మీద, స్తంభాల మీద ఉన్నవి క్షుద్రపూజల గుర్తులు, లేదంటే ఉత్త బొమ్మలు.
వాస్తవం: ఇక్కడ మాత్రం తొందరపడకండి. 1868లో శంకుస్థాపన జరిగి, 1873లో భవనం తెరిచారు. డిజైన్ చేసిన జేమ్స్ విండ్రిమ్‌కి పని మొదలయ్యేటప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. లోపలి అలంకరణకి మాత్రం ఇంకా ఏళ్లు పట్టింది. జార్జ్ హెర్జోగ్ చేతి మీదుగా ఈ హాలు 1889లో తయారైంది. 1822లోనే షాంపోలియన్ అనే ఫ్రెంచ్ పండితుడు ప్రాచీన ఈజిప్టు బొమ్మల లిపి గుట్టు విప్పాడు కాబట్టి, ఇక్కడివాళ్లు ఏదో గీసి వదిలేయకుండా చదవగలిగే అక్షరాలే రాయించారు.

స్తంభం ముందు నిలబడి చూడండి. పక్షులు, జంతువులు ఎటు ముఖం పెట్టి ఉంటే అటువైపు నుంచి చదవడం మొదలుపెట్టాలి. కొన్ని అక్షరాల చుట్టూ కోడిగుడ్డులా పొడుగాటి గీత ఉంటుంది. అందులో ఉన్నది రాజు పేరు. ఇది తెలిశాక మా మేనకోడలు తల పైకెత్తి ఆ గుడ్లే వెతుక్కుంటూ ఉండిపోయింది. మిగతా ఆరు హాళ్లకి లాక్కెళ్లాల్సి వచ్చింది.